ముందరి పంటికి బంగారు తొడుగు

మా ఊళ్లో ఎవరికి పన్ను నొప్పి పెట్టినా మందు ఒక్కటే, మా బాపు చేతిలోని పటకారు. మేం మంగలివాళ్లం. పొద్దున గడ్డాలు, మధ్యాహ్నం క్షవరాలు, పెళ్లిళ్లొస్తే మేళం. ఈ మధ్యలో ఎవరైనా దవడ పట్టుకుని మూలుగుతూ వస్తే ఆ పన్ను పీకడం. బాపు ఆ మనిషిని మా అరుగు మీద కూచోబెట్టి, తల గోడకు ఆనించి, "పైన గా కాకిని జూడు" అనేవాడు. వచ్చినవాడు కాకి కోసం వెతికేలోపల పన్ను బాపు చేతిలో ఉండేది. కాకి ఎప్పుడూ ఉండేది కాదు. అమ్రాబాద్ అడవి దిక్కు నుంచి ఒక ముసలాయన దినాలకొద్దీ నడిచివచ్చి, పన్ను పీకించుకుని, ఉప్పునీళ్లు పుక్కిలించి, సంతోషంగా మళ్లీ నడిచిపోవడం నేను కళ్లారా చూశాను. మా బాపు అంటే నాకు అంత గర్వం.

గడ్డాలూ పండ్లూ ఒక ఎత్తు, సన్నాయి ఒక ఎత్తు. మా ఊరి గుట్ట మీది దేవుని కల్యాణానికి సన్నాయి ఊదే హక్కు మా ఇంటిది. దానికోసం గుట్ట కింద ఇంత మాన్యం ఇచ్చారు, జొన్నలూ కందులూ పండే ఎర్రచెలక. ఊదినన్నాళ్లు భూమి మాది. ఊదేవాడు ఇంట్లో లేకుండా పోతే ఆ భూమి కొత్తగా వచ్చి ఊదేవాడి వెంట పోతుంది. నిజాం రాజ్యంలో కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి, మాకేమో ఏ అక్షరమూ రాదు, కానీ ఈ ఒక్క సంగతి మాత్రం ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

బాపు సన్నాయి పడితే బండ్లు కట్టుకుని వచ్చి వినేవారట. వినేవారట అంటున్నాను, ఎందుకంటే నాకు బాగా బుద్ధి తెలిసేసరికే ఆయన ముందరి పండ్లు పోవడం మొదలైంది. ఒక్కొక్కటి నొప్పి పెట్టినప్పుడల్లా, గడ్డాలు గీసే అద్దం గోడకు తగిలించుకుని, తన పన్ను తనే పీకేసుకున్నాడు. ఊరందరికీ చేసిన వైద్యమే తనకూ చేసుకున్నాడు, పాపం. పై వరసంతా బోసిపోయింది. సన్నాయి కొసన నోట్లో పెట్టుకుని ఊదే పీకను పట్టుకునేది పెదవులే, నిజమే, కానీ ఆ పెదవుల వెనక గోడలాగా నిలబడేవి పండ్లు. గోడ లేకపోతే పెదవి లోపలికి ముడుచుకుపోతుంది, గాలి పక్కల నుంచి కారిపోతుంది. బాపు సన్నాయి నా చేతికిచ్చి, తను డోలు మెడకు వేసుకున్నాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయన సన్నాయిని ముట్టగా నేను చూడలేదు.

ఇక నా పన్ను కథకు వస్తాను. అవి జర్మనీ యుద్ధం రోజులు. చలికాలంలో మా మేనమామ ఇంట్లో విందు. మాంసంలోని ఎముక, మేం మూలుగ బొక్క అంటాం, అదంటే నాకు ప్రాణం. దాన్ని పీల్చి, కొట్టి, కొరికి, లోపలిది బయటికి రప్పించేదాకా ఊరుకోను. ఆ రోజు బొక్క గట్టిది, నేను అంతకన్నా మొండివాణ్ని. కటుక్కుమంది. వచ్చింది రా మూలుగ అని సంబరపడి నాలుకతో వెతికితే తగిలింది నా పన్నే. పై వరసలో నడిమి పన్ను, సగానికి ఏటవాలుగా విరిగిపోయింది. విందులో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వినప్పుడు చల్లగాలి తగిలి నెత్తిదాకా జివ్వుమంది.

ఇంటికి రాగానే సన్నాయి తీశాను. విరిగిన మొన పెదవిలో గుచ్చుకుంటున్నది. పీక గట్టిగా పట్టుకుంటే నెత్తురు, వదులుగా పట్టుకుంటే గాలి. పైస్వరం ఎత్తుకుంటే అది సగంలోనే చీలిపోయి, మేకపిల్ల అరుపులాంటిది ఏదో వచ్చింది. బాపు అరుగు మీద కత్తి నూరుతున్నాడు. నూరడం ఆపి లోపలికి వచ్చి నా పెదవి ఎత్తి చూశాడు.

"పగిలిన కుండ ఎన్నాళ్లుంటది బిడ్డా. రేపు వాస్తది, ఎల్లుండి చీము వడ్తది. గుంజేస్త, నొప్పి పోతది" అన్నాడు.

"నొప్పి పోతది బాపు. మరి సన్నాయి?"

ఆయన పటకారు వైపు పోబోతున్నవాడు ఆగిపోయాడు. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచే అందుకుంది. "నీ నోరు ఖరాబ్ జేసుకున్నది సాలదా? పోరని నోరు గూడ ఖరాబ్ జేస్తవా? కల్యాణం నాడు ఇద్దరు గల్సి డోలే కొడ్తరా ఏంది?"

బాపు బయటికి వెళ్లిపోయాడు. మోదుగులు పూసే నెలలో కల్యాణం. చలి తగ్గితే మోదుగు పూస్తుంది. నాకు నిజంగా భయం వేసింది. ఆ చెలక పోతే తినేదేమిటన్నది ఒక భయం. అంతకన్నా పెద్దది, సన్నాయి లేకపోతే నేను ఎవర్ని అన్నది. కత్తి పట్టడం నాకు ఎప్పుడూ సరిగ్గా రాలేదు. నా చేతి గడ్డం గీయించుకున్నవాళ్లు రెండోసారి బాపునే అడిగేవారు.

మా వెనక వీధిలో అవుసులాయన ఉండేవాడు, నగలు చేసే మనిషి. కులం వేరైనా ఊళ్లో వరసలుంటాయి కదా, నేను ఆయన్ని కాక అని పిలిచేవాణ్ని. గడ్డానికి వచ్చినవాడు నా మొహం చూసి సంగతి అడిగి, పకపకా నవ్వాడు.

"గింతదానికి ఇల్లంత ముంచుకవోయినట్టు గూసున్నరా? వెండి ముంతకు సొట్ట వడ్తే పారేస్తమా? పన్నుకు బంగారు తొడుగు జేస్త కొడుకా. విరిగింది లోపల దాసుకుంటది, మీద నున్నగుంటది. నవాబు లెక్క నవ్వుకుంట తిరుగు."

నాకు ప్రాణం లేచివచ్చింది. మా అమ్మ అప్పటికప్పుడు పుస్తెలతాడులో ఉన్న బంగారు గుండ్లలో ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. కాక తేనెమైనం వేడిచేసి నా పంటికి నొక్కి అచ్చు తీసుకున్నాడు. బంగారాన్ని కాకి ఈకంత పలచగా సాగగొట్టి ఆ అచ్చుకు తగ్గట్టు టోపీలాంటిది చేశాడు. ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను. ఇక దాన్ని పంటికి అంటించాలి. అక్కడే వచ్చింది అసలు కథ. ఆయన జన్మంతా చేసింది కడియాలూ కమ్మలూ. బోలు నగ చేసినప్పుడు లోపల లక్క పోసి నింపడం ఆయన పద్ధతి. ఇదీ బోలుగానే ఉంది కదా అని, లక్క కరిగించి అందులో పోసి, నా పంటి మీద నొక్కాడు. నేను చూరు అందేటంత ఎగిరాను.

"ఊకో కొడుకా, ఇగ సచ్చిందాక ఊడది" అన్నాడు.

అద్దంలో చూసుకుంటే నా నోట్లో దీపం పెట్టినట్టుంది. ఊరంతా తిరిగాను. పనున్న ఇంటికీ పోయాను, పనిలేని ఇంటికీ పోయాను, కోడి మీద నవ్వాను, గోడ మీద నవ్వాను. ఒక్కటే చిక్కు. తొడుగు నా పంటికన్నా లావు, పొడుగు. నోరు మూస్తే ముందర అదొక్కటే కింది పంటికి తగిలి ఆగిపోయేది, వెనక దవడలు కలిసేవి కావు. జొన్నరొట్టెను ఆవు నెమరేసినట్టు పక్కలకు తిప్పి తిప్పి మింగేవాణ్ని. అయితేనేం, మొన గుచ్చుకోవడం పోయింది, పెదవికి ఆసరా వచ్చింది. సన్నాయి పలికింది. ఆ రాత్రి అమ్మ దేవుని ముందు దీపం పెట్టింది.

పటేలు గారి అన్న కూతురి పెళ్లికి మేళం మాదే. కల్యాణం జరిపించేదీ ఆ పటేలే కాబట్టి, ఆయన కళ్ల ముందు ఊది చూపించాలని నా ఉబలాటం. పట్నం నుంచి వచ్చిన చుట్టాలకోసం పెద్ద గిన్నెలో చాయ్ కాచారు. మా వైపు అప్పుడప్పుడే చాయ్ రుచి తెలుస్తున్నది. మాకూ పోశారు. పొగలు కక్కుతున్న చాయ్‌ని నేను ఊదుకుంటూ గుటగుటా తాగి, ఇంకొంచెం పోయించుకుని అదీ తాగాను. నాకేం తెలుసు, వేడికి లక్క మెత్తబడుతుందని. కాకకు తెలుసు, కానీ ఆయన చేసిన కడియాలు ఎప్పుడూ చాయ్ తాగలేదు.

తలంబ్రాల సమయం వచ్చింది. మేళం జోరుగా ఉండాలి. బాపు డోలు మీద దడదడలాడిస్తున్నాడు, నేను ఊపిరంతా తెచ్చి ఊదుతున్నాను. పీకలో తడి చేరితే నోరు తీసి ఒక్కసారి ఫూ అని ఊది దులపడం మా అలవాటు. ఫూ అన్నాను. తడితో పాటు తొడుగూ పోయింది. అది ఎగిరి సరిగ్గా తలంబ్రాల పళ్లెంలో పడింది. నేను అయ్యో అనేలోపల పెళ్లికూతురు రెండు చేతులా దోసిలి నింపి పెళ్లికొడుకు నెత్తి మీద పోసింది.

మేళం ఆగిపోయింది. నేను నోటికి చేయి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. "ఏమైందిరా" అని బాపు అడుగుతుంటే చెప్పడానికి నోరు తెరిచాను, ఆ నోరు చూసి ఆయనకే అర్థమైంది. పసుపు బియ్యంలో ఆడవాళ్లూ మగవాళ్లూ మోకాళ్ల మీద కూచుని వెతికారు. చివరికి పెళ్లికొడుకు తలకు చుట్టిన రుమాలు మడతలో దొరికింది. పెళ్లికూతురి నాయనమ్మ దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని, "తలంబ్రాలల్ల బంగారం రాలింది, నా మనుమరాలి అదృష్టం జూడుండ్రి" అంది. అది అదృష్టం కాదు, మేళగాని పన్ను అని ఎవరో చెప్పారు. పందిరంతా నవ్వు. ముసలమ్మ దాన్ని చటుక్కున కింద పడేసి చేయి తుడుచుకుంది.

పటేలు మాత్రం నవ్వలేదు. మా బాపును పక్కకు పిలిచాడు. నేను వెంట పోయాను. "ఏందిరా ఇది? రేపు కల్యాణం నాడు దేవుని నెత్తి మీద గూడ రాలుస్తడా మీవోడు? నోరు సక్కగ జేసుకొనొస్తే సరే. నకిరేకల్ మేళానికి కబురు వెడ్తున్న, వాండ్లు గూడ వచ్చి కూసుంటరు. ఎవ్వలు ఊదితే మాన్యం వాండ్లది."

"బాంచెన్ పటేలా, జేసుకొనొస్తడు" అన్నాడు బాపు. ఎట్లా చేసుకొస్తానో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

పైగా వేడి లక్క తగిలిన పన్ను వాచింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఇప్పుడు నొప్పి కూడా తోడైంది. కాకకు ఈ సంగతి తెలిసి రాత్రి అన్నం తినలేదట. పొద్దున్నే మా ఇంటికి వచ్చి అరుగు కింద నిలబడ్డాడు.

"నా చేతి నగ ఊడుడు నా జన్మల సూడలే. నాకు సిగ్గయితాంది. పట్నంల బంగారం కొననీకి పోయినప్పుడు ఒక చీనా డాక్టరు దుకాణం జూసిన. పండ్లకు తొడుగులు ఏస్తడట. కొడుకా, లెవ్, పోదాం. నేను గూడొస్త. గాయిన ఎట్ల అంటిస్తడో నేను సూడాలె" అన్నాడు.

బాపు లేచాడు. బండి కట్టింది ఆయనే. జడ్చర్ల స్టేషన్ దాకా ఎద్దుల బండి, అక్కడి నుంచి రైలు. నేను రైలెక్కడం అదే మొదలు. నొప్పి, భయం, వాటిని మించిన హుషారు. కిటికీలోంచి బండరాళ్ల గుట్టలు వెనక్కి ఉరుకుతుంటే నోరు తెరిచి చూశాను, గాలి తగిలి పన్ను జివ్వుమంటే మూశాను, మళ్లీ మరిచిపోయి తెరిచాను. కాచిగూడ దిగేదాకా ఇదే పని. ఒళ్లో గుడ్డలో చుట్టిన సన్నాయి. మొలలో ముడివేసిన బంగారు తొడుగు.

చీనా డాక్టరు దుకాణం మీద బోర్డుకు పెద్ద నోరు గీసి ఉంది, అందులో ఒక పన్ను పచ్చగా. లోపల ఆయన పొట్టి మనిషి, తెల్ల చొక్కా, నన్ను చూడగానే దక్కనీ ఉర్దూలో "ఆవో, బైఠో" అన్నాడు. చీనా మనిషి మన పట్నం మాట మాట్లాడుతుంటే నాకు నొప్పి సగం పోయింది. నాకు ఉర్దూ అంతంతమాత్రం. బంగారం బజారులో బేరాలాడిన కాకకు బాగా వచ్చు, ఆయనే నాకు తెలుగులో చెప్పాడు.

డాక్టరు చిన్న అద్దం నోట్లో పెట్టి చూశాడు. మిగిలిన లక్క ముక్కను సన్నని పటకారుతో తీసి వాసన చూసి, కాక వైపు తిరిగి ఏదో అన్నాడు. కాక మొహం ఎర్రబడింది.

"ఏమన్నడు కాకా?"

"ఇది గాజులకు బాగుంటదట, నోటికి గాదట" అన్నాడు కాక. తర్వాత డాక్టరు మా తొడుగును చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి తిప్పి చూసి మళ్లీ ఏదో అన్నాడు. ఈసారి కాక ఛాతీ పొంగింది. "చేతిపని మస్తుగున్నదట. జాగా చేసుకోకుండ ఇల్లు కట్టినవ్ అంటుండు."

ఆ మాటకు అర్థం కాసేపటికి తెలిసింది. పన్ను పైన విరిగిందే కానీ కింద వేరు గట్టిగా ఉందట. వేరు బతికి ఉన్నంతకాలం పన్ను పీకేది లేదట. లోపల నొప్పి పెట్టే నరాన్ని తీసేసి, ఆ సందు మూసి, పన్నును చుట్టూ అరగదీసి సన్నగా చేస్తాడట. ఎంత అరిగితే అంత జాగా. ఆ జాగాలో తొడుగు కూచుంటే పాత పన్ను ఎంతుందో అంతే అవుతుంది, లావూ కాదు, పొడుగూ కాదు. విరిగిన దానికి అది కవచం. కొరకొచ్చు, నమలొచ్చు, మాట్లాడొచ్చు. ఇదంతా వింటుంటే నా గుండె డోలులా కొట్టుకుంది. పీకడం తప్ప పంటికి ఇంకో వైద్యం ఉంటుందని నేను పుట్టి పెరిగిన ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

చిగురులో సూది పొడిచాడు. కాసేపటికి పెదవి నాది కాకుండా పోయింది. దర్జీ మిషన్‌లాగా కాలితో తొక్కే యంత్రం ఒకటి నా పక్కకు లాగాడు. ఆయన తొక్కుతుంటే చేతిలో సన్నని ముల్లు గిరగిరా తిరిగింది. గుర్రుమనే ఆ చప్పుడు నెత్తి లోపల నుంచి వచ్చినట్టుంది. కాలిన కొమ్ము వాసన. నేను కుర్చీ చేతులు పట్టుకుని, పైన కాకి ఉందేమోనని చూశాను. నొప్పి మాత్రం లేదు, నిజంగా లేదు. అది తెలిశాక నాకు నవ్వు వచ్చింది. నవ్వొద్దని డాక్టరు గదిమాడు.

నరం పని అయ్యాక మందు పెట్టి, కొన్నాళ్లు ఆగి రమ్మన్నాడు. కాక చుట్టాల ఇంట్లో ఉన్నాం. తర్వాత మైనంలాంటి ముద్ద వేడిచేసి నోట్లో నొక్కి అచ్చు తీశాడు. పైవరస ఒక అచ్చు, కిందివరస ఒకటి, రెండూ కలిపి కొరికించి ఇంకొకటి. నా నోరు మొత్తం సుద్దతో పోతపోసి బల్ల మీద పెట్టాడు. ఆ సుద్ద నోటికి మా తొడుగు కరిగించి కొత్తది చేయడం మొదలుపెట్టాడు. కాక ఆ బల్ల పక్క నుంచి కదిలితే ఒట్టు. ఇద్దరూ ఒకరి పనిముట్లు ఒకరు పట్టుకుని చూసుకున్నారు, ఊదుగొట్టం ఎవరిది మంచిదని వాదించుకున్నారు. సగం ఉర్దూ, సగం సైగలు. మిగిలిన బంగారం తనే ఉంచుకుని, పనికి అదే చాలన్నాడు డాక్టరు.

తొడుగు తయారైంది. ఉత్తగా పెట్టి చూసి, నన్ను కొరకమన్నాడు. దవడలు కలిశాయి. అబ్బ, ఆ కలవడం ఎంత హాయి. అయినా నేను ఊరుకోలేదు. గుడ్డ విప్పి సన్నాయి తీశాను. పీక పెదవుల మధ్య పెట్టుకుని, ఇక్కడ ఒత్తుతున్నదని వేలితో చూపించాను. ఆయన చిరాకు పడతాడేమో అనుకున్నాను. పడలేదు. తొడుగు తీసి, మొన దగ్గర ఆకురాయితో కొంచెం రాకి, మళ్లీ పెట్టాడు. నేను మళ్లీ పీక పెట్టుకున్నాను. మళ్లీ తీశాడు. పెదవి లోపలివైపు ఎక్కడ ఆనుతుందో వేలు పెట్టి తడిమి, అక్కడ గుండ్రంగా నునుపు చేశాడు. ఆఖరికి గాజుపలక మీద తెల్లపొడి, చుక్క మందు కలిపి జిగురు చేసి, తొడుగులో నింపి, నా పంటి మీద పెట్టి దూది కొరికి పట్టుకోమన్నాడు. "ఇది చాయ్‌కి కరగదట" అని కాక నా చెవిలో చెప్పాడు. ఇక బొక్కలు కొరకొద్దనీ, చిగురు దగ్గర రోజూ వేపపుల్లతో మెల్లగా తోముకోవాలనీ, తొడుగు కింద పాచి పడితే బంగారమైనా ఏం చేయలేదనీ డాక్టరు చెప్పాడట.

దూది తీయగానే ఆయన సన్నాయి వైపు వేలు చూపించి, "బజావో" అన్నాడు. పెదవి ఇంకా కొంచెం మొద్దుగానే ఉంది. ఊదాను. పైస్వరం చీలకుండా తిన్నగా పోయి, వీధి చివరిదాకా వినిపించింది. గాడిదల మీద బట్టల మూటలేసుకుని పోతున్న చాకలివాళ్లు ఆగారు, పాలవాడు ఆగాడు, బురఖా ఆమె పిల్లను ఎత్తుకుని ఆగింది. చీనా డాక్టరు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి తల ఊపుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఊదుతూ ఏడవడం కుదరదు కాబట్టి ఆపుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి దారి పొడుగునా మోదుగులు పూసి ఉన్నాయి. బాపు నన్ను అరుగు మీద కూచోబెట్టి, తల గోడకు ఆనించి, పెదవి ఎత్తాడు. రెండు వేళ్లతో తొడుగు పట్టుకుని కదిపాడు. ఇంకొంచెం గట్టిగా కదిపాడు. ఎన్నో వందల పండ్లు లాగిన వేళ్లవి, అది కదలలేదు.

"లోపల పన్ను నాదే బాపు, పంటి ఏరు గట్లనే ఉన్నది" అన్నాను.

"గుంజకుండ జేసిండా?" అన్నాడు. 

కల్యాణం మిట్టమధ్యాహ్నం. గుట్ట మీద జనం ఇసుక వేస్తే రాలనంత. నకిరేకల్ మేళంవాళ్లు నిజంగానే వచ్చారు, మంచి అంచు పంచెలు కట్టుకుని మండపానికి అవతల కూచున్నారు. వాళ్ల సన్నాయి గుడ్డలోంచి బయటికి తీసి సిద్ధంగా పెట్టుకున్నారు. పటేలు ఒకసారి వాళ్ల వైపు, ఒకసారి నా వైపు చూశాడు. అమ్మ జనంలో ముందు వరసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను బాపు వైపు చూశాను. ఆయన డోలు మీద మొదటి దెబ్బ వేశాడు.

మొదలుపెట్టాను. ఇక నాకు జనం లేరు, నకిరేకల్ లేదు. పుస్తె కట్టే ఘడియలో మా ఇంటి పద్ధతి ఒకటుంది, ముడి మొదలైనప్పుడు పైస్వరం ఎత్తుకుని, చివరి ముడి పడేదాకా దించకూడదు. బుగ్గల్లో గాలి పట్టి, ముక్కుతో ఊపిరి తీస్తూ, స్వరం తెగకుండా నిలపాలి. పుస్తె కట్టే పూజారి అయ్యగారికి వయసు మళ్లింది, ముడులు నిదానంగా వేస్తున్నాడు. ఒక ముడి. పెదవి పంటికి ఆనుకుని నిలబడింది. ఇంకో ముడి. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లల్లో నీళ్లు. బాపు డోలు కొడుతూ నా మొహంలోకే చూస్తున్నాడు, చేతులు వాటంతటవే ఆడుతున్నాయి. చివరి ముడి పడి, జనం గోవిందా అనేదాకా ఆ స్వరం దిగలేదు, చీలలేదు, ఒణకలేదు.

నకిరేకల్ మేళగాడు తన సన్నాయిని మళ్లీ గుడ్డలో చుట్టాడు. లేచి వచ్చి, "ఏదీ, జర పన్ను సూపెట్టు తమ్మీ" అన్నాడు. చూపించాను. పటేలు దేవుని మీది కండువా, ఆ శెల్లా తెచ్చి నా భుజాన వేయబోయి, ఆగి, బాపు భుజాన వేశాడు. "ఈ ఏడు మీదే. వచ్చే ఏడు గూడ మీదే" అన్నాడు. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. కాక మాత్రం మండపం చుట్టూ తిరుగుతూ ప్రతివాడికీ తొడుగు ఎట్లా అంటిస్తారో చెబుతున్నాడు.

జనం పంక్తి భోజనాలకు దిగిపోయాక మండపంలో నేనూ బాపూ మిగిలాం. ఆయన డోలు తీసి పక్కన పెట్టి, గుట్ట కింద మా చెలక వైపు చూస్తూ కూచున్నాడు. ఆకలవుతుంది, పోదాం అన్నాను. కదలలేదు.

"ఎరికుంటే నేను గుంజుకోకపోదును" అన్నాడు.

నేను సన్నాయి తుడుస్తున్నాను.

"పండ్ల ఏర్లే లేనోనికి గా చీనా డాక్టరు ఏం జేస్తడు?"

అప్పుడు గుర్తొచ్చింది, డాక్టరు దుకాణంలో అద్దాల బీరువా నిండా చిగుళ్లతో సహా పండ్ల వరసలు పెట్టి ఉండటం. పొద్దున పెట్టుకుని రాత్రి తీసేవని కాక చెప్పాడు. నాకున్న పన్ను గొడవలో ఆ సంగతి ఇంట్లో చెప్పనే లేదు. ఇప్పుడు చెప్పాను. వరసకు వరసే ఉంటుందట బాపు, చిగురు మీద కూచుంటుందట, వాటితో రొట్టె తినేవాళ్లను చూశానని కాక అన్నాడు, అంటూ గబగబా చెబుతున్నాను. ఆయన వింటూ వింటూ నా ఒళ్లోంచి సన్నాయి తీసుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత ఆయన చేతిలో సన్నాయి. వేళ్లు వాటి జాగాల్లో అవే పోయి కూచున్నాయి. పీక పెదవుల మధ్య పెట్టుకుని బుగ్గలు నింపి ఊదాడు. పెదవి లోపలికి ముడుచుకుపోయింది. ఉత్త గాలి వచ్చింది.

సిగ్గుపడలేదు. నా వైపు తిరిగి, చిన్నపిల్లవాడిలాగా బోసినోటితో నవ్వాడు.

"పట్నం రైలు జడ్చర్లకు ఎన్నింటికొస్తది బిడ్డా?"